మంచినీళ్ల చెరువు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పల్లెల్లో ఇప్పుడు నాయకులు కరువయ్యారని, ఊరి మంచిచెడ్డలు పట్టించుకునేవాళ్లే లేరని బాధపడుతూ ఒక పెద్దాయన రాసిన లేఖ ఈమధ్య మీ పత్రికలో చదివాను. ఆ బాధ నాకూ చాలా ఏళ్లు ఉండేది. అయితే నాయకుడంటే ఆయన మైకు పట్టుకుని మాట్లాడగల మనిషిని, ఆఫీసుల చుట్టూ తిరిగి పని సాధించుకురాగల మనిషిని అనుకుంటున్నారనిపించింది. అలాంటివాళ్లు మా ఊళ్లో ఉన్నారు. అయినా మా పిల్లలు కలుషితమైన నీళ్లు తాగి ఆసుపత్రి పాలయ్యారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది కృష్ణా జిల్లా దివిసీమలో ఒక చిన్న పల్లె. నేను పదో తరగతి వరకు చదువుకున్నాను. మా ఆయన రెండెకరాలు కౌలుకు చేస్తారు, నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. పొదుపు సంఘంలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మా ఊరి పేరు, నా పేరు వేయొద్దని మనవి. ఇందులో చెప్పే మోటారు ఆపరేటరు కుర్రాడికి దీనివల్ల ఏ ఇబ్బందీ రాకూడదు.

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సముద్రం దగ్గర కావడంతో మాకు బోరు వేస్తే పడేది ఉప్పునీళ్లే. అన్నం ఉడకదు, పప్పు ఉడకదు. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కృష్ణా కాలువ నీళ్లతో ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటేనే మాకు తాగడానికి ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువకు నీళ్లు వచ్చేదాకా ఆ చెరువే మా ప్రాణం.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. ఆ రాత్రి సంగతి రాయడం నా వల్ల కాదు. తర్వాతి రోజులు మాత్రం కొంచెం గుర్తున్నాయి. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. మంచినీళ్ల చెరువు నిండా ఉప్పునీళ్లు, చచ్చిన గొడ్లు. సాయానికి వచ్చినవాళ్లు బయటినుంచి నీళ్లు తెచ్చి పోసేవాళ్లు. నాన్న, ఇంకో పది పన్నెండుమంది గట్టుకు అటొకరు ఇటొకరు నిలబడి గూడలు, అంటే తాళ్లు కట్టిన బుట్టలు, వేసి ఆ చెరువు తోడారు. ఎన్నాళ్లు తోడారో నాకు తెలియదు. నాన్న అరచేతులు తాడు ఒరుసుకుపోయి బొబ్బలెక్కితే అమ్మ రాత్రిళ్లు వెన్న రాసేది. ఎవరు తోడమన్నారు నాన్నా అని నేను అడిగానట. "ఎవరు చెప్పాలమ్మా, తాగేది మనమే కదా" అన్నాడట. అమ్మ ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది. నేను విని ఊరుకున్నాను. నా దాకా వచ్చేసరికి దానికి అర్థం తెలిసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2023లో కాలువకు కొత్త నీళ్లు వచ్చిన నెల. ఎర్రగా, మడ్డిగా వస్తాయి ఆ నీళ్లు. వారం తిరక్కుండా మా వీధిలో పదకొండుమందికి వాంతులు, విరేచనాలు. మా తోడికోడలి మనవడికి అప్పుడు ఏడాదిన్నర. పొద్దున కాస్త నలతగా ఉన్నాడనుకున్నాం. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు రావట్లేదు. ఆశా కార్యకర్త వచ్చి వాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. ఆ ముడత అలాగే నిలబడింది, వెంటనే సర్దుకోలేదు. అది చూసి ఆమె ముఖం మారిపోయింది. అందుబాటులో ఉన్న ఆటో ఎక్కించి పంపింది. దారి పొడుగునా చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్లు పోస్తూనే ఉన్నాం. వాడు బతికాడు. జింకు మాత్రలు 14 రోజులు వేశాం. ఇప్పుడు అంగన్‌వాడీకి పరుగెత్తుకుంటూ వెళ్తున్నాడు. కానీ ఆ చర్మం మడత నా కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదు.

నీళ్ల వల్లేనని ఊరంతా అన్నారు. ఇక ఎవరు చూడాలి అన్న దగ్గర మొదలైంది. సర్పంచి గారు, కార్యదర్శికి చెప్పానన్నారు. కార్యదర్శి గారు, తనకు రెండు ఊళ్లు ఉన్నాయి, ఇంజినీరు గారికి కాగితం పెట్టానన్నారు. ఆపరేటరు, పైవాళ్లు ఎలా చెప్తే అలా చేస్తున్నానన్నాడు. రచ్చబండ దగ్గర మగవాళ్లు ప్రభుత్వాన్ని తిట్టారు. ఇంట్లో మేం ఆడవాళ్లం పంచాయతీని తిట్టాం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అనేవాళ్లు మా పెద్దలు. మా ఊరి చెరువు అచ్చంగా అలాగే అయింది.

నేను కూడా వారం రోజులు తిట్టాను. ఆ వారంలో ఒక రాత్రి బీరువా మీద ఉన్న పాత దుప్పటి తీస్తుంటే నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె చేతికి తగిలింది.

అది నీళ్లు పరీక్ష చేసే పెట్టె. జల్ జీవన్ మిషన్ అని 2019లో కేంద్రం ఒక పథకం మొదలుపెట్టింది కదా, అందులో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్ష చేయడం నేర్పించాలి. మా ఊరి నుంచి వెళ్లిన ఐదుగురిలో నేను ఒకదాన్ని. మండలంలో ఒక రోజు శిక్షణ ఇచ్చారు, భోజనం పెట్టారు, పెట్టె చేతికిచ్చారు. తెచ్చాక రెండుసార్లు పరీక్ష చేశాను. రెండుసార్లూ ఫొటో తీసి పంపమంటేనే చేశాను. తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ చేయలేదు. ఏడాది పైగా ఆ పెట్టె మా బీరువా మీద దుప్పటి కింద ఉంది. దాని కిందే, ఆ గదిలోనే, మా వాడికి చెంచాతో నీళ్లు పోశాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్పంచి, కార్యదర్శి, ఇంజినీరు, ఆపరేటరు, ఇంతమందిని తిట్టాను. ఊళ్లో నీళ్లు బాగున్నాయో లేదో తెలుసుకోగల పరికరం చేతిలో ఉన్న మనిషిని నేనే.

పెట్టెలో గడువు తీరని సీసాలు రెండు మిగిలాయి. హెచ్‌టూఎస్ సీసా అంటారు. అందులో ముందే మందు వేసి ఉంటుంది. గీత దాకా నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చగా ఉండేచోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. రంగు మారకపోతే ఫరవాలేదు. నల్లబడితే ఆ నీళ్లలో మలం కలిసిన సూచన. తెల్లవారి ఊరి చివరి కుళాయి నుంచి ఒకటి, మా ఇంటి కుళాయి నుంచి ఒకటి పట్టాను. మిషను బల్ల మీద రెండూ పెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం దాకా ఏమీ లేదు. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే అడుగున మసి రాసినట్టు కొంచెం. తెల్లారి లేచి చూస్తే రెండు సీసాలూ కాటుక కలిపినట్టు నల్లగా ఉన్నాయి.

వాటిని కొంగులో చుట్టుకుని ఆపరేటరు కుర్రాడి దగ్గరికి వెళ్లాను. అతన్ని నాలుగు మాటలు అందామనే వెళ్లానని ఒప్పుకుంటాను. అతను సీసాలు చూసి ఏమీ మాట్లాడలేదు. "రా అక్కా" అని నన్ను చెరువు గట్టు మీదికి తీసుకెళ్లి ఫిల్టర్ల పక్కనున్న ఒక వాల్వు చూపించాడు.

"ఇది బైపాసు. ఇది తిప్పితే చెరువు నీళ్లు ఫిల్టరులోకి పోకుండా నేరుగా సంపులోకి పోతాయి. ఫిల్టర్లు పట్టేశాయి అక్కా, నీళ్లు దిగట్లేదు. దిగకపోతే ట్యాంకు నిండదు. ట్యాంకు నిండకపోతే పొద్దున్నే ఊరంతా నా ఇంటి మీద పడతారు. మీ ఆయన కూడా వచ్చాడు కిందటి నెల. అందుకే తిప్పాను."

ఎన్నాళ్లయింది అని అడిగాను. ఎనిమిది నెలలన్నాడు. జీతం ఎన్నాళ్లయింది అని అడిగితే ఆరు నెలలన్నాడు.

అతన్ని ఏమనడానికీ నాకు నోరు రాలేదు. నీళ్లు రాలేదని అతని ఇంటికి వెళ్లి కేకలు వేసినవాళ్లం మేమే. ఆ నీళ్లు ఎలా వస్తున్నాయో చూడడానికి మాలో ఒక్కరూ ఆ గట్టు ఎక్కలేదు. ఊరు అడిగింది నీళ్లు. అతను నీళ్లు ఇచ్చాడు.

ఇసుక ఫిల్టరు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మన డెల్టా ఊళ్లలో చాలాచోట్ల ఇదే ఉంటుంది. పెద్ద సిమెంటు తొట్టి, అడుగున కంకర, పైన మీటరు లోతు సన్న ఇసుక. చెరువు నీళ్లు దాని మీదినుంచి మెల్లగా, గంటకు నాలుగైదు అంగుళాల చొప్పున కిందికి దిగాలి. ఇసుక పైభాగాన సన్నటి జిగురు పొర కడుతుంది. చూస్తే రోతగా ఉంటుంది గాని నీళ్లలోని క్రిములను చాలావరకు ఆపేది ఆ పొరే. కొన్ని వారాలకు అది మందమై నీళ్లు దిగవు. అప్పుడు తొట్టిలో నీళ్లు తీసేసి, పై పొరను అర అంగుళం నుంచి అంగుళం లోపు గీకి తీయాలి. గీకిన కొన్నాళ్ల దాకా ఫిల్టరు సరిగ్గా పనిచేయదు, మళ్లీ ఆ పొర కట్టాలి. అందుకే రెండు తొట్లు ఉంటాయి, ఒకటి గీకినప్పుడు ఇంకోటి నడవాలని. మా ఊళ్లో రెండూ పట్టేసి ఉన్నాయి.

గీకడానికి కూలి మనుషులు కావాలి, పంచాయతీలో డబ్బు లేదు. కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లి మేం గీకుతామని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆపరేటరు దగ్గరుండి చేయించాలని కాగితం రాసిచ్చారు. మా సంఘంలో పదిమందిని అడిగితే ఎనిమిదిమంది వచ్చారు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. కాళ్లకు సబ్బు పెట్టి కడుక్కుని, ఇసుక తొక్కకుండా చెక్కలు పరుచుకుని వాటి మీద కూర్చుని గీకాం. ఆ పొర పెనం మీద పెసరట్టు లేచినట్టు అంచు నుంచి లేచి వచ్చేది. చెరువు అడుగు బురద కంపు. మూడో గంటకు ఒకామెకు తల తిరిగి గట్టు మీద కూర్చుంది, మజ్జిగ తాగి మళ్లీ దిగింది. తీసిన ఇసుక పారేయకూడదు, కడిగి ఆరబెట్టి దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది. దాన్ని తట్టలతో మోస్తుంటే గట్టు మీద సెల్‌ఫోన్లు చూసుకుంటున్న ముగ్గురు కుర్రాళ్లు లేచి వచ్చారు. మేం పిలవలేదు. అది నాకు చాలా సంతోషం కలిగించింది.

అలా ఒక తొట్టి అయింది. పది రోజులాగి రెండోది. ఆపరేటరు బైపాసు వాల్వు కట్టేశాడు.

బ్లీచింగ్ సంగతి కూడా తర్వాతే తెలిసింది. అతను వారానికోసారి గుప్పెళ్లతో ట్యాంకులో చల్లేవాడు. శిక్షణలో మాకు చెప్పింది వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. మాది 40,000 లీటర్ల ట్యాంకు, కాబట్టి నింపినప్పుడల్లా 100 గ్రాములు. అది కూడా కొత్త పొడి అయితేనే. సంచి విప్పి ఉంచితే దానిలో ఘాటు రోజురోజుకీ పోతుంది. బక్కెట్టులో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, తేరాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదలాలి. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, రంగును బట్టి అంకె తెలుస్తుంది. రేషను కొట్టులో పాత తూకం రాళ్లు అడిగి తెచ్చి అతనికి ఇచ్చాను.

గట్టు మీద గోడకు నల్లరంగు పూసి బోర్డు చేశాం. తేదీ, బైపాసు మూసి ఉందా, బ్లీచింగ్ ఎన్ని గ్రాములు, చివరి కుళాయి అంకె. నాలుగు గళ్లు. అవే ఇంట్లో ఒక నోటుపుస్తకంలో ఎక్కించేదాన్ని.

ఒక విషయంలో మాత్రం ఇంట్లో గొడవైంది. మా కుళాయికి అర హార్సుపవరు మోటారు ఉండేది. వీధిలో సగం ఇళ్లకు ఉంది. కుళాయి పైపు రెండుచోట్ల మురుగుకాలువలోంచే వెళ్తుంది. నీళ్ల ఒత్తిడి తగ్గినప్పుడు ఇటు మోటారు లాగితే, అటు పైపుకు చిన్న చిల్లు ఉన్నా మురుగు లోపలికి పోతుంది. ఆపరేటరు ఇది చెప్పాక ఎవరింటికి వెళ్లి మోటారు తీయమనాలన్నా నాకు కాళ్లు రాలేదు, ముందు మాది తీయాలి కదా. మా ఆయన ఒప్పుకోలేదు. మనం తీస్తే పక్కింటివాళ్లు మొత్తం లాగేసుకుంటారన్నారు. అది నిజమే, రెండు నెలలు అలాగే జరిగింది. బిందె నిండడానికి పావుగంట పట్టేది. అయినా మాది తీశాం. తర్వాత ఒక్కొక్కటీ తీశారు. ఇంకా నాలుగు ఇళ్లలో తీయలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

చెరువు చుట్టూ కంచెకు గేటు ఉంది, దానికి తాళం. గొడ్లు దిగకుండా, బట్టలు ఉతక్కుండా తాళం వేయడం మొదలుపెట్టి తాళంచెవి నేనే ఉంచుకున్నాను. చీర నడుముకు దోపుకుని తిరిగేదాన్ని. నాలుగు నెలలు ఒక్కరోజు తప్పకుండా నేనే వెళ్లాను, నేనే రాశాను. నలుగురూ మెచ్చుకున్నారు. పంచాయతీ వాళ్లు అడిగినా, ఏఎన్‌ఎం అడిగినా "ఆవిడ చూసుకుంటుంది" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు బాగుండేది.

మా అమ్మాయి కాన్పుకు గుంటూరు వెళ్లాను. నలభై రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి సంచి ఇంట్లో పడేసి గట్టు మీదికి వెళ్తే, బోర్డు మీద నేను బయల్దేరిన రోజు తేదీయే ఉంది. సుద్ద సగం వానకు కారిపోయింది. ఒక తొట్టి పట్టేసి ఉంది. బైపాసు తిప్పి ఉంది.

ఇంటికొచ్చి అందరినీ అరిచాను. ఇంతమంది ఉండి నలభై రోజులు చూసుకోలేకపోయారా అని. మా తోడికోడలు, ఆ పిల్లాడి నాయనమ్మ, నెమ్మదిగా అంది: "తాళంచెవి నడుముకు కట్టుకుని నువ్వు గుంటూరు వెళ్తే మేమేం చూస్తాం అక్కా?"

నిజంగానే తాళంచెవి నా సంచిలో ఉంది. ఎవరికైనా ఇచ్చి వెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

సంపాదకుల వారూ, సర్పంచి చూసుకుంటాడని ఊరుకున్నప్పుడు జరిగిన నష్టమే, ఆవిడ చూసుకుంటుందని ఊరుకున్నప్పుడూ జరిగింది. మొదటిసారి పని నాది కాదనుకుని చెడగొట్టాను, రెండోసారి నాదొక్కదానిదే అనుకుని చెడగొట్టాను. నాన్న "తాగేది నేనే" అనలేదు, "తాగేది మనమే" అన్నాడు. గూడ ఒక్కడు వేయలేడు. రెండోవైపు తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి.

తర్వాత వంతులు పెట్టాం. మా ఊరికి ఆరు వీధులు. వారానికో వీధి, సోమవారం పొద్దున తాళంచెవి, నోటుపుస్తకం, మందు చుక్కల సీసా మారతాయి. ప్రతి వీధిలో ఇద్దరికి పరీక్ష చేయడం నేర్పాను, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆడవాళ్లే చేయాలంటే ఇదీ వంటింటి పనిలా మా నెత్తినే పడుతుందని మా సంఘంలో ఒకామె పట్టుబట్టింది. ఆమె అన్నది మంచి మాట.

ఆరో వంతు పేటది. మా ఊళ్లో దళితులు ఉండే పేట ఊరి చివర ఉంది, చివరి కుళాయి అక్కడే. నీళ్లు ఆఖర్న వచ్చేది, క్లోరిన్ తక్కువగా ఉండేది వాళ్లకే. చెరువు తాళం పేటలోకి ఎలా వెళ్తుందని మా వీధి పెద్దావిడ ఒకరు అడిగారు. ఆవిడంటే నాకు గౌరవం, నా పెళ్లికి పసుపు కొట్టిన మనిషి. అయినా ఊరుకోలేదు. "మన నీళ్లు బాగున్నాయో లేదో వాళ్ల కుళాయి చూస్తేనే కదా పిన్నీ తెలిసేది, తాళం ఎందుకు వెళ్లకూడదు?" అన్నాను. ఆవిడ నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అది నాకు కష్టంగానే గడిచింది. తాళం మాత్రం వెళ్లింది. ఇప్పుడు పుస్తకంలో అందరికంటే శుభ్రంగా లెక్క ఉండేది ఆ వారమే. డిగ్రీ చదివే అమ్మాయి రాస్తుంది. ఏ రోజు ఏ గంటకు పరీక్ష చేసిందో కూడా రాస్తుంది, మేమెవరం అలా రాయలేదు.

ఇదంతా ప్రజలే చేసుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకోదా అని మా అబ్బాయి అడిగాడు. మీ పాఠకులూ అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. రాజ్యాంగంలో పంచాయతీలకు అప్పగించదగిన పనులని 29 రాశారు, పదకొండోది తాగునీరు. అంటే అది పంచాయతీ బాధ్యత, మా దయాదాక్షిణ్యం కాదు. పంచాయతీకి డబ్బు, మనుషులు ఇవ్వడం పైవాళ్ల బాధ్యత. మేం ఫిల్టరు గీకాం గాని అర్జీలు పెట్టడం మానలేదు. ఇంతకుముందు గ్రామసభలో "నీళ్లు బాగోలేవండి" అనేవాళ్లం, "చూస్తాం" అనేవాళ్లు, అయిపోయేది. ఇప్పుడు పుస్తకం తీసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా 17 రోజులు బ్లీచింగ్ లేదు, ఆ రోజుల్లో చివరి కుళాయి అంకె ఇదీ అని చదువుతున్నాం. చదివితే తీర్మానంలో ఎక్కించక తప్పలేదు. బ్లీచింగ్ ఆగకుండా వస్తోంది. మురుగుకాలువలోంచి పోయే పైపు ఒకచోట మార్చారు, రెండోచోట మార్చలేదు. ఆపరేటరు కుర్రాడికి ఆరు నెలల బాకీలో మూడు నెలలది వచ్చింది. అతని జీతం గురించి మా అర్జీలో మొదటి వాక్యంగా రాస్తున్నాం. పస్తులుండే మనిషి చేతిలో ఊరి ప్రాణం పెట్టి ఆ పని బాగా చేయమనడం అన్యాయం.

పదవి లేనివాళ్లం మేమేం చేయగలం అని ఆ పెద్దాయన లేఖలో ఒకచోట రాశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకొట్టు మూయించిన ఆడవాళ్లకు ఏ పదవి ఉంది? రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి పొదుపు ఉద్యమం కూడా ఆ జిల్లాలోనే ఊపందుకుంది. నేను ఇరవై ఏళ్లుగా ఉంటున్న సంఘం ఆ దారిలో వచ్చిందే. ఆ ఆడవాళ్లు ఒక్కరొక్కరుగా వెళ్లి ఉంటే కొట్టువాడు తరిమేసేవాడు.

పెద్దాయనకు, మీ పాఠకులకు నాదొక విన్నపం. మీ ఊరి నీళ్ల ట్యాంకు దగ్గరికి ఒకసారి వెళ్లండి. ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగండి, ఫిల్టరు ఉంటే బైపాసు వాల్వు ఎటు తిరిగి ఉందో చూడండి, ఆపరేటరుకు జీతం అందుతోందో లేదో కనుక్కోండి. నీళ్లు పరీక్ష చేసే పెట్టె మీ ఊళ్లో ఏ ఆడమనిషి ఇంట్లో ఉందో కనుక్కోండి. ఆమె నాలాగే ఎవరూ అడగలేదని దాన్ని బీరువా మీద పెట్టి ఉండొచ్చు. ఆమెను తప్పుపట్టకండి. తోడు వెళ్లి ఇద్దరూ కలిసి ఒక సీసా పట్టండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో ఎండ ఎంత ఉందో రోజూ వేస్తారు. వారానికోసారి చిన్న గడిలో మండలాలవారీగా తాగునీటి పరీక్షల ఫలితాలు కూడా వేస్తే చాలా మేలవుతుంది. పేపర్లో అంకె కనపడితే ఊళ్లో అడిగేవాళ్లు ఉంటారు.

కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. చెరువు ఇంకా రెండు అడుగులు నిండాలి. గీకుతూ గీకుతూ ఒక తొట్టిలో ఇసుక బాగా తగ్గింది, కొత్త ఇసుక కోసం మూడో అర్జీ పెట్టాం. మీ విలేకరి ఎవరైనా వస్తే గట్టు మీద బోర్డు, పుస్తకం అన్నీ చూపిస్తాను. కాకపోతే లోపలికి వెళ్లాలంటే ఆ వారం తాళంచెవి ఏ ఇంట్లో ఉందో నేను కూడా అడిగి తెచ్చుకోవాలి.

ఇట్లు,
పొదుపు సంఘం సభ్యురాలు,
దివిసీమ, కృష్ణా జిల్లా.